మా డ్రిల్లు సామి

మా డ్రిల్లు సామి పోయిన కార్తీకంలో కాలం చేశారు. పొద్దున గుడిలో ఆరాధన ముగించుకొని, ఇంటికొచ్చి మజ్జిగ తాగి, నీరెండలో కుర్చీ వేసుకొని కూర్చున్నారట. కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారు. నాకు ఫోను వచ్చేసరికి నేను బస్సులో టికెట్లు కొడుతున్నాను. తిరుపతి నుంచి కాణిపాకం పోయే సర్వీసులో నేను కండక్టరుని. ఆ ట్రిప్పు ఎట్లా ముగించానో నాకే తెలియదు. డిపోలో చెప్పి మా ఊరికి బయల్దేరాను.

దారంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. కానీ ఊరు చేరి వారి వీధిలోకి తిరిగితే అక్కడ వినిపించింది ఏడుపు కాదు. పందిరి కింద ముప్పై ఏళ్ళవాళ్ళు, నలభై ఏళ్ళవాళ్ళు, చంకలో బిడ్డలతో వచ్చినవాళ్ళు, అందరూ ఆడవాళ్ళే, గుంపుగా కూర్చొని తాము ఏ ఊళ్ళో ఎవరిని ఓడించారో చెప్పుకుంటున్నారు. మధ్యమధ్య కళ్ళు ఒత్తుకుంటున్నారు, మళ్ళీ నవ్వుతున్నారు. ఆయన భార్య, మేము అమ్మగారు అనేవాళ్ళం, ఆమే అడిగి అడిగి చెప్పించుకుంటున్నారు. అప్పుడనిపించింది, ఈయన గురించి రాయాలని.

మా ఊరు ఐరాలకు దగ్గర. చెరుకు, వేరుశనగ, నాలుగు పాడి ఆవులు, ఇవే మా బతుకులు. ఊళ్ళో ఒక చిన్న వేణుగోపాలస్వామి గుడి ఉంది. ఆ గుడి పూజ ఆయన తాతల కాలం నుంచి వాళ్ళ ఇంటిదే. ఊరి చివర హైస్కూలు. అందులో వ్యాయామ ఉపాధ్యాయుడూ ఆయనే. తిరుపతిలో డిగ్రీ చదివే రోజుల్లో ఆయన మంచి పరుగుగాడట. తండ్రి దగ్గర పూజావిధానం నేర్చుకున్నారు, కాలేజీలో పరుగు నేర్చుకున్నారు. వడమాలపేట వైపు కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, తండ్రికి చేతకాకుండా అయ్యాక బదిలీ పెట్టుకొని సొంతూరికి వచ్చేశారు. అప్పటినుంచి పొద్దునా సాయంత్రం గుడి, నడుమ బడి.

పొద్దున నైవేద్యం పెట్టి, గుడి తలుపు వేసి, పంచెతోనే సైకిలెక్కి బడికి వచ్చేవారు. ఆఫీసు గదిలో పంచె మార్చి నీలం ప్యాంటు తొడుక్కొని, మెడలో విజిలు వేసుకొని గ్రౌండులోకి దిగేవారు. నామం మాత్రం నుదుట అట్లే ఉండేది. మధ్యాహ్నానికి చెమటకు ఎర్రగీత కరిగి ముక్కు కొనదాకా వచ్చేది. మేము నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్ళం. ఊళ్ళో అందరికీ ఆయన సామి. మాకు డ్రిల్లు సామి.

నేను ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడాది ఆయన మా బడికి వచ్చారు. అంతకుముందు డ్రిల్లు పీరియడంటే మొగపిల్లలకు వాలీబాలు, మాకు వరండా ఊడ్చే పని. మొదటి వారంలోనే ఆయన మా చేతుల్లోంచి చీపుర్లు తీయించి గ్రౌండులో రాళ్ళు ఏరించారు. ఏరడం అయ్యాక రెండు సరుగుడు కొయ్యలు పాతించి, నడుమ సున్నంతో గీత గీశారు. ఖోఖోకు ఏమీ కొనాల్సిన పని లేదని, పరిగెత్తే కాళ్ళుంటే చాలని చెప్పారు.

మా నాయన ఒప్పుకోలేదు. పెద్దమనిషయ్యే వయసులో మైదానంలో పరుగులేంటని ఆయన బాధ. నేను ఆటకు రానని చెప్పిన రోజు సాయంత్రమే సామి మా ఇంటికి వచ్చారు. గుడి సామే ఇంటికి వచ్చారని నాయన తత్తరపడి చాప పరిచాడు. సామి చాప మీద కూర్చోకుండా అరుగు మీదే కూర్చొని, బిడ్డను ఆటకు పంపమని అడిగారు.

“ఆడబిడ్డ సామీ. కాలో చెయ్యో ఇరిగితే రేపు ఎవురు చేసుకుంటారు?” అన్నాడు నాయన.

“గానుగ కాడ చెరుకు మోపులు మోస్తా ఉండాది గదప్పా. ఆడ ఇరగని కాలు ఈడ యాల ఇరుగుతాది?”

లోపల మా అమ్మ నవ్వింది. నాయనకూ నవ్వు వచ్చింది కానీ మీసం కింద దాచుకున్నాడు. మర్నాటి నుంచి నేను ఆటకు పోయాను.

మా జట్టులో అందరికన్నా చురుకైన పిల్ల ఊరవతల కాలనీ నుంచి వచ్చేది. మా ఊళ్ళో దళితుల ఇళ్ళున్న వీధిని కాలనీ అంటారు. ఆ పిల్ల పరిగెత్తితే కాళ్ళు నేలకు తగులుతున్నాయా లేదా అన్నట్టుండేది. నాకూ తనకూ మొదట్లో పెద్దగా మాటల్లేవు. తను నాకంటే వేగం, నేను తనకంటే పొడుగు, అంతే తెలుసు ఒకరి గురించి ఒకరికి.

ఖోఖోలో తరిమే జట్టు వరసగా కూర్చుంటుంది. తరిమే పిల్ల అలసిపోతే కూర్చున్నవాళ్ళలో ఒకరి వీపు తట్టి ‘ఖో’ అనాలి. తట్టించుకున్న పిల్ల లేచి తరమాలి, తట్టిన పిల్ల ఆ చోటులో కూర్చోవాలి. తట్టకుండా ఉత్తగా అరిస్తే తప్పు కింద లెక్క. ఒకరోజు సామి ఆట మధ్యలో విజిలు ఊదారు. కాలనీ పిల్ల కూర్చున్న చోట కొందరు తట్టీ తట్టనట్టు గాలిలో చెయ్యి ఆడించి పోతున్నారు. ఆయన చాలాసేపటి నుంచి చూస్తున్నట్టున్నారు.

ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ పిల్లను లేపి పక్కన నిలబడమని చెప్పి, తానే ఆ చోట గొంతుకూర్చున్నారు. నీలం ప్యాంటు, తెల్ల బనీను, బనీను కింద అడ్డంగా కనిపిస్తున్న జంధ్యం. ఒక్కొక్కరే పరిగెత్తుకొని వచ్చి తన వీపు మీద చప్పుడయ్యేటట్టు కొట్టి ఖో చెప్పమన్నారు.

మేము కొయ్యల్లా నిలబడ్డాం. గుడిలో మాకు తీర్థమిచ్చే చెయ్యి ఆయనది. మా అమ్మలు ఆయన నీడ కూడా తొక్కకుండా నడిచేవాళ్ళు.

“సామీ, మీ ఈపు మింద ఎట్ల కొట్టేది?” అంది ఒక పిల్ల.

“ఆటలో సామి లేడు మే. ఈపే ఉండేది. కొట్టు,” అన్నారు.

మొదటి దెబ్బ నాదే. మెల్లగా తట్టాను. వినిపించలేదన్నారు. మళ్ళీ వెనక్కి పోయి పరిగెత్తుకొని వచ్చి ఒకటేశాను. అరచెయ్యి చుర్రుమంది. నా తర్వాత అందరూ కొట్టారు. చివరికి ఆ కాలనీ పిల్లనూ పిలిచారు. తను కూడా కొట్టింది. ఆయన లేచి వీపు సవరించుకొని, తనను మళ్ళీ అదే చోట కూర్చోబెట్టి ఆట సాగించారు. ఆ రోజు నుంచి ఎవరూ గాలిని తట్టలేదు. బనీను వెనక మా మట్టి చేతుల గుర్తులతోనే ఆయన సాయంత్రం సైకిలెక్కి పోయారు.

తొమ్మిదో తరగతిలో మేము చుట్టుపక్కల బడుల మీద గెలిచాం. జిల్లా పోటీలకు పోయే అర్హత వచ్చింది. తిరిగొచ్చిన సాయంత్రం ఆయన మమ్మల్ని ఇళ్ళకు పంపలేదు. కాళ్ళు కడుక్కొని గుడికి రమ్మన్నారు. ఆయన స్నానం చేసి పంచె కట్టుకొని వచ్చి, తలుపు తీసి, హారతి ఇచ్చి, మమ్మల్ని లోపలికి పిలిచారు. మా ఊళ్ళో కాలనీవాళ్ళను గుడిలోకి రావద్దని ఎవరూ అనేవాళ్ళు కాదు. కానీ వాళ్ళు ఎప్పుడూ ధ్వజస్తంభం దాటి వచ్చేవాళ్ళు కాదు. ఆ పిల్ల అక్కడే ఆగిపోయింది. సామి గడప దాటి వచ్చి తన భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకొచ్చారు. అందరితోపాటు తన తల మీదా శఠగోపం పెట్టారు. చల్లటి ఆ గిన్నె తలకు తగిలితే దేవుడి పాదం తగిలినట్టని మాకు చిన్నప్పటి నుంచీ చెప్పేవాళ్ళు. తను కళ్ళు మూసుకోలేదు, పైకే చూస్తూ ఉంది.

నాలుగు రోజులకు గుడి కమిటీ కూర్చుంది. మా నాయన కమిటీలో ఉన్నాడు కాబట్టి అక్కడ జరిగిందంతా అన్నం తింటూ మా అమ్మకు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ప్రెసిడెంటు కాలనీ మాట ఎత్తలేదట. మడి మాట ఎత్తాడట. పగలంతా బడిలో అందరినీ అంటుకొని సాయంత్రం దేవుణ్ణి అంటుకుంటే గుడి ఏమయ్యేట్టని, విజిలన్నా వదలాలి గంటన్నా వదలాలి అని చెప్పాడట. దానికి సామి ఇచ్చిన జవాబును నాయన ఒక్క మాట పోకుండా చెప్పాడు.

“మునగకుండా నేను ఏనాడూ గుడి తలుపు తీసింది లేదు. మట్టి అంటింది గాబట్టి మునుగుతా ఉండాను. బిడ్డలు అంటినందుకు కాదు.”

రెండింటిలో ఏదీ తనంతట తాను వదలనని, తీసేసేది వాళ్ళ ఇష్టమని చెప్పి, గుడి తాళాలు చాప మీద పెట్టి లేచి వచ్చేశారట.

“నువ్వేమంటివి?” అని అడిగింది మా అమ్మ.

నాయన ఏమీ అనలేదని చెప్పాడు. అమ్మ మారు వడ్డించకుండా అన్నం కుండ లోపల పెట్టేసింది.

చిత్తూరు నుంచి ఒక కుర్ర అర్చకుణ్ణి పిలిపించారు. మంచివాడే పాపం. కానీ అతనికి టౌన్లో వేరే గుడి ఉంది. పొద్దున బస్సుకు వచ్చి మధ్యాహ్నం బస్సుకు పోయేవాడు. సాయంత్రాలు మా గుడికి తాళమే. సామి మాత్రం రోజూ వచ్చేవారు. పొద్దున జనం ఉన్నప్పుడు వచ్చి, లోపలికి పోకుండా ధ్వజస్తంభం దగ్గర కాలనీ ఆడవాళ్ళ పక్కన నిలబడి నోట్లోనే చదువుకునేవారు. ఒకరోజు మా అమ్మ చూడలేక, లోపలికి రమ్మని బతిమాలింది.

“ఈడ్నించి గూడా బాగానే కనిపిస్తా ఉండాడమ్మా,” అన్నారాయన.

పక్కనే ఉన్న ఆ కాలనీ పిల్ల అవ్వ ఆయన వైపు చూసి, “మాకు తెలుసు గదా సామీ,” అంది. ఆయనకు నవ్వాగలేదు. ఆ ముసలామె కూడా నవ్వింది.

పూజ లేని మనిషి దిగులు పడతాడని ఊరు అనుకుంది. మాకు మాత్రం రెండింతలు పని పెట్టారు. గుడిలో పూజకని లేచే తెల్లవారుజాము ఇప్పుడు మాదయింది. మంచు పడుతుండగానే గ్రౌండు చుట్టూ పరుగు. కొయ్య దగ్గర వంగి తిరగడం, గాలిలోకి దూకి పట్టుకోవడం, అన్నీ తను చేసి చూపించి చేయించారు. మోకాళ్ళు దోక్కుపోతే అమ్మగారు పసుపు నూనె రాసి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెట్టేవారు. వాళ్ళ అరుగు మీద ఏ పిల్ల ఏ వీధిదో చూసే పని లేదు. ఒకే పళ్ళెంలో చేతులు.

జిల్లా పోటీలు చిత్తూరులో జరిగాయి. చివరి ఆటలో మా ఎదుటి జట్టు టౌను పిల్లలు. ఒకే రంగు బూట్లు, నున్నటి జడలు. మొదటి సగంలో వాళ్ళే ముందున్నారు. సామి మామీద కేకలు వేయలేదు. నిమ్మకాయ చెక్కలు ఇచ్చి, వాళ్ళు ఎడమవైపే తిరుగుతున్నారు గమనించారా అని మాత్రం అడిగారు. మేము గమనించలేదు. రెండో సగంలో గమనించాం.

చివరి తరుముడు మాది. అప్పటికి లెక్క సమానమైంది. ఒక్క పిల్లను పట్టుకుంటే గెలుపు, పట్టుకోలేకపోతే మళ్ళీ ఆడాలి. మిగిలిన ఆ టౌను పిల్ల పాములాగా జారిపోతోంది. నేను తరుముతున్నాను. ఊపిరి అందడం లేదు. ఆ పిల్ల కొయ్య దాటి ఎడమకు తిరగబోతోందని తెలిసింది. నా చేతికందేంత దూరంలో మా కాలనీ పిల్ల అటువైపు ముఖం పెట్టి కూర్చొని ఉంది. వీపు మీద ఒకటేసి ఖో అని అరిచాను. ఆ అరుపు ముగిసేలోపే తను లేచింది. నాలుగు అంగలు వేసి ఒళ్ళంతా గాలిలోకి విసిరింది. పడ్డప్పుడు దుమ్ము లేచింది, ఏమీ కనిపించలేదు. రిఫరీ చెయ్యెత్తాడు. తన వేళ్ళు ఆ పిల్ల మడమను పట్టుకొనే ఉన్నాయి.

మేమంతా వెళ్ళి తన మీద పడ్డాం. గడ్డం చీరుకుపోయి రక్తం వస్తోంది, నవ్వుతోంది. సామి గీత బయటే నిలబడి రెండు చేతులూ తల మీద పెట్టుకొని ఉన్నారు. ముక్కు కొన మీద ఎర్రబొట్టు వణుకుతోంది.

అప్పుడు చూశాను, కంచె పక్కన మా నాయన. ట్రాక్టరులో బెల్లం వేసుకొని మండీకి వచ్చి, అమ్మడం అయ్యాక దారి అడుక్కుంటూ గ్రౌండుకు వచ్చాడట. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. చంకలో పెద్ద బెల్లం గడ్డ ఉంది. దాన్ని సామి చేతికి ఇచ్చి, పిలకాయలకు పంచమన్నాడు.

“నీ చేత్తో నువ్వే పంచప్పా,” అన్నారు సామి.

నాయన ఒక క్షణం ఆగాడు. తర్వాత గడ్డను రాతికేసి కొట్టి, ముక్కలు చేసి, ఒక్కొక్కరి అరచేతిలో పెట్టుకుంటూ వచ్చాడు. కాలనీ పిల్ల దగ్గరికి వచ్చినప్పుడు పెద్ద ముక్క ఏరి తన చేతిలో పెట్టి, “భలే పట్టినావు మే,” అన్నాడు.

మమ్మల్ని అందరినీ ట్రాక్టరులోనే ఊరికి తీసుకొచ్చాడు. దారి పొడుగునా పాడుతూనే ఉన్నాం. మా ఊరికి వచ్చే దారిలో కాలనీ ముందు తగులుతుంది. అక్కడ మేము గెలిచిన కప్పు చూడగానే మొగవాళ్ళు ఇళ్ళలోకి పోయి పలక డప్పులు తెచ్చారు. ట్రాక్టరు ముందు పలకలు మోగుతుంటే ఊళ్ళోకి వచ్చాం. పెద్దవీధిలో అంత చప్పుడు తిరునాళ్ళకు కూడా నేను వినలేదు. జనం గడపల్లో నిలబడి చూశారు. మా అమ్మ చెంబుతో నీళ్ళు దిష్టి తీసి ట్రాక్టరు చక్రం మీద పోసింది.

ఆ వెంటనే ధనుర్మాసం దగ్గరపడింది. తెల్లవారకముందే గుడి తీసి తిరుప్పావై చదివి పొంగలి పంచే నెల అది. చిత్తూరు అర్చకుడు అంత పొద్దున రాలేనన్నాడు. గుడి చీకట్లో ఉండిపోతుందని తెలిసి మా అమ్మ, మరికొందరు ఆడవాళ్ళు కలిసి ప్రెసిడెంటు ఇంటికి పోయారు. సామి ఊళ్ళోనే ఉండగా గుడికి తాళమేమిటని అడిగారు. ప్రెసిడెంటు గొణిగాడు కానీ మళ్ళీ కమిటీని కూర్చోబెట్టక తప్పలేదు. ఈసారి మా నాయన నోరు విప్పాడు. పిలిచేదయితే గుడి పెద్దలే ఆయన ఇంటికి పోయి పిలవాలన్నాడు.

తాళాలు తీసుకొని వాళ్ళు సామి ఇంటికి పోయినప్పుడు వీధంతా అక్కడే ఉంది. నేనూ ఉన్నాను. సామి తాళాలు అందుకోబోతూ ఆగి, నెమ్మదిగా చెప్పారు.

“తలుపు తీస్తే అందరికీ తీస్తా. కొందరికి తీసేదయితే ఈ తాళాలు మీ కాడే ఉండనీండి.”

ప్రెసిడెంటు తాళాలు ఆయన చేతిలో పెట్టి, “నువ్వు గెలిచినావు లే సామీ,” అన్నాడు. బిడ్డలు గెలిచారని, తాను తలుపు తీసేవాడు మాత్రమేనని సామి అన్నారు.

ధనుర్మాసం మొదటి తెల్లవారుజామున గుడి నిండా పిల్లలు. కాలనీ నుంచి ముసలివాళ్ళు, నడివయసువాళ్ళు కూడా తలంట్లు పోసుకొని వచ్చారు. ఆ పిల్ల అవ్వ ధ్వజస్తంభం దగ్గర కొంచెం తడబడింది. మా అమ్మ ఆమె మోచెయ్యి పట్టుకొని లోపలికి నడిపించింది. లోపల సామి తిరుప్పావై పాశురం ఎత్తుకున్నారు. ముందురోజు దాకా గ్రౌండులో మాకు నేర్పించినదే కాబట్టి మేమూ అందుకున్నాం. గొంతులు సరిగా కలవలేదు, కానీ గట్టిగా పాడాం. ప్రెసిడెంటు ఆ నెలంతా గుడి వైపు రాలేదు. ఆయన భార్య మాత్రం రెండో వారం నుంచి గిన్నె తీసుకొని పొంగలికి వచ్చేది.

ఆ తర్వాత సామి ఎన్ని జట్లను తయారుచేశారో చెప్పడం కష్టం. ఏటా కొత్త పిల్లలు. కాలనీ పిల్ల రాష్ట్ర జట్టులో ఆడింది. ఇప్పుడు పలమనేరు వైపు ఒక బడిలో డ్రిల్లు టీచరు. నాకు బస్సు ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి పోయినప్పుడు సామి లేచి నిలబడి నాకు చెయ్యిచ్చారు. అంత పెద్దాయన లేచి నిలబడితే ఏం చెయ్యాలో తోచక నేను కాళ్ళకు దండం పెట్టేశాను. ఉద్యోగ విరమణ అయ్యాక కూడా ఆయన పొద్దున గుడి, ఎండ తగ్గాక గ్రౌండు మానలేదు. కొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టరు తనకు ఇబ్బంది లేదనీ, సామి ఉంటే తనకే ధైర్యమనీ చెప్పేవాడు.

మూడేళ్ళ కిందట ఒక పొద్దున సామి కాణిపాకంలో నా బస్సు ఎక్కారు. వెనకే గుంపుగా ఆడపిల్లలు. తిరుపతిలో ఆట ఉందన్నారు. టికెట్లు కొడుతుంటే పిల్లలకు నన్ను చూపించి, ఈమె మన పాత జట్టు అని చెప్పారు. వాళ్ళు నన్ను కింద నుంచి పైకి చూశారు. యూనిఫాంలో ఉన్న నా పొట్ట చూసి నమ్మినట్టు లేదు.

సాయంత్రం తిరుగు ట్రిప్పులో వాళ్ళు తిరుపతి బస్టాండులో ఎక్కినప్పుడు ముందు కప్పు ఎక్కింది, తర్వాత పిల్లలు ఎక్కారు, చివర సామి ఎక్కారు. బస్సు నిండుగా ఉంది. ఉన్న ఒకటి రెండు సీట్లలో పిల్లల్ని కూర్చోబెట్టి ఆయన కమ్మీ పట్టుకొని నిలబడ్డారు. కూర్చోమని నేను పోరుతుంటే, “గెలిచినోళ్ళకు కాళ్ళు నొస్తాయి మే. నేను ఊరికే నిలబడి సూసినోణ్ణి,” అన్నారు. ఆ మాటకు ముందు సీటులో ఒకాయన లేచాడు. ఆయన్ను చూసి ఇంకొకరు లేచారు. నేను టికెట్లు కొట్టి వెనక్కి తిరిగేసరికి మగవాళ్ళంతా నిలబడి ఉన్నారు, పిల్లలంతా కూర్చొని ఉన్నారు, సామిని కూడా కిటికీ పక్కన కూర్చోబెట్టారు.

వెనక సీటు నుంచి ఒక ముసలామె ఆ కప్పు ఏదీ చూపించమంది. పిల్లలు చేతులు మార్చి ఆమెకు అందించారు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, లోపల ఖాళీగా ఉందేమని అడిగి, తన సంచిలోంచి వేయించిన వేరుశనక్కాయలు దోసెడు తీసి అందులో పోసింది. కప్పు సీటు సీటుకూ తిరగడం మొదలుపెట్టింది. ఎవరికి వాళ్ళు గుప్పెడు తీసుకొని పక్కవాళ్ళకు ఇస్తున్నారు. అయిపోవచ్చినప్పుడు ఆమె మళ్ళీ పోసింది. డ్రైవరు వెనక్కి చూడకుండానే చెయ్యి చాపాడు, నేను నాలుగు కాయలు పెట్టాను. సామి దగ్గరికి వచ్చినప్పుడు ఆయనా గుప్పెడు తీసుకొని, ఒళ్ళో పోసుకొని, కిటికీలోంచి బయట చెరుకు తోటలు చూస్తూ ఒక్కొక్క కాయే ఒలుచుకొని తినసాగారు.